నీ ప్రార్థన వినబడినది: యోహాను పుట్టిన ఇంట్లో ప్రార్థన

(జూన్ 24 సాయంత్రం, బాప్తిస్మమిచ్చు యోహాను జన్మదిన ఆరాధనలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు.

సంఘం తన పరిశుద్ధులను సాధారణంగా వాళ్లు ప్రాణం విడిచిన రోజున తలచుకుంటుంది. హతసాక్షులను వాళ్ల రక్తం చిందిన రోజున స్మరించడం మొదటి శతాబ్దాల నుంచీ ఉన్న అలవాటు. పుట్టినరోజు పండుగ మాత్రం ప్రభువైన యేసుకు ఉంది, ఆయన తల్లి మరియకు ఉంది, ఈ యోహానుకు ఉంది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణంలో బిషప్పుగా ఉన్న అగస్టీను ఇదే జూన్ 24న చేసిన ప్రసంగాలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఇంతమంది ప్రవక్తలుండగా ఒక్క యోహాను పుట్టుకనే ఎందుకు పండుగ చేసుకుంటున్నామని ఆయన తన ప్రజలను అడిగాడు. 506లో నేటి ఫ్రాన్సులోని అగ్ద్ పట్టణంలో కూడిన సభ ఈ రోజును పెద్ద పండుగల్లో లెక్కించింది. మన దగ్గర కతోలిక సంఘాలు ఈ రోజును మహోత్సవంగా జరుపుతాయి, ఆంగ్లికన్, లూథరన్ సంప్రదాయాల క్యాలెండర్లలో కూడా ఇది ఉంటుంది. మిగతా సంఘాల్లో చాలావరకు ఈ తేదీ ఎవరూ గుర్తుచేసుకోకుండానే గడిచిపోతుంది. అది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ప్రార్థన గురించి లూకా సువార్త మొదటి అధ్యాయం చెప్పినంత నిండుగా చెప్పే భాగాలు బైబిలులో తక్కువ.

తేదీ సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. గబ్రియేలు దూత మరియ దగ్గరికి వచ్చేనాటికి యోహాను తల్లి ఎలీసబెతుకు ఆరో నెల అని లూకా రాశాడు. కాబట్టి క్రిస్మస్‌కు ఆరు నెలల ముందు యోహాను పుట్టినరోజు పెట్టుకున్నారు. 25 కాకుండా 24 ఎందుకైందంటే, రోమీయులు తర్వాతి నెల మొదటి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టేవారు. డిసెంబరుకు 31 రోజులు, జూనుకు 30. ఒకే లెక్క ఒక నెలలో 25 మీద, ఇంకో నెలలో 24 మీద పడింది. అంతే.

ఇక కథలోకి వద్దాం. "యూదయ దేశపు రాజైన హేరోదు దినములలో" అని లూకా మొదలుపెట్టాడు. ఈ మాటను మనం గబగబా చదివేసి యోహాను తండ్రి జెకర్యా దగ్గరికి వెళ్లిపోతాం. ఒక్క క్షణం ఆగండి. ఈ హేరోదు ఎవరు? తన సింహాసనానికి పోటీ వస్తారన్న అనుమానంతో అలెగ్జాండరు, అరిస్టోబులు అనే ఇద్దరు కొడుకులను క్రీ.పూ. 7 ప్రాంతంలో చంపించినవాడు. క్రీ.పూ. 4లో తాను చావడానికి కొన్ని రోజుల ముందు అంతిపత్రు అనే మరో కొడుకునూ చంపించాడు. అలాంటి తండ్రి రాజ్యం చేస్తున్న రోజుల్లో దేవదూత దిగివచ్చి, పుట్టబోయే బిడ్డ గురించి ఏమన్నాడో చూడండి. అతడు తండ్రుల హృదయాలను పిల్లల తట్టు తిప్పుతాడు అన్నాడు. మలాకీ గ్రంథం చివర ఉన్న మాట అది. మన పాత నిబంధన ఆ మాటతో ముగుస్తుంది. తండ్రి చేతిలో బిడ్డలు చస్తున్న రాజ్యంలో, పిల్లలు లేని ఒక ముసలి ఇంటికి ఆ వాగ్దానం వచ్చింది. ప్రవక్త పుట్టుక ఎప్పుడూ ఇలాంటి కాలంలోనే జరుగుతుంది. మోషే పుట్టినప్పుడు మగపిల్లలను నైలు నదిలో పారేయమని ఫరో ఆజ్ఞ. సమూయేలు పుట్టినప్పుడు షిలోహులో యాజకుని కొడుకులే బలిమాంసాన్ని కాజేస్తున్నారు, ప్రత్యక్షతలు అరుదైపోయాయి. కాలం మంచిగా ఉండి ఏ ప్రవక్తా పుట్టలేదు.

ఇప్పుడు ఆ ఇంటిని చూద్దాం. జెకర్యా అబీయా తరగతి యాజకుడు, ఎలీసబెతు అహరోను వంశపు ఆడపడుచు. ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులు, ఆజ్ఞల విషయంలో నిరపరాధులు అని ఆరో వచనం చెబుతుంది. వాళ్లకు పిల్లలు లేరని ఏడో వచనం చెబుతుంది. ఈ వరుసను దయచేసి పట్టుకోండి. లూకా ముందు వాళ్ల నీతిని చెప్పి, ఆ తర్వాతే లోటును చెప్పాడు. పిల్లలు లేకపోవడం పాపఫలం అనే మాటకు ఆయన ముందే తలుపు మూసేశాడు.

ఇది మన ఊళ్లలో గట్టిగా చెప్పాల్సిన సంగతి. గొడ్రాలు అనే మాట మన భాషలో తిట్టుగా వాడతారు. సీమంతానికి పిలవరు, పిలిచినా పక్కన కూర్చోబెడతారు, పసిబిడ్డను చేతికివ్వడానికి జంకుతారు. క్రైస్తవ ఇళ్లలో ఈ పాపం లేదని నేను చెప్పలేను. "ఏ దోషముందో, ఉపవాసముండి ఒప్పుకోమ్మా" అని ఆమెకే చెప్పి పంపేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. ఎలీసబెతు కూడా ఆ అవమానం మోసింది. మనుషుల మధ్య నాకున్న అవమానాన్ని ప్రభువు తీసివేశాడని గర్భవతి అయ్యాక అంటుంది. అవమానం మనుషుల మధ్యే ఉందట! దేవుని దృష్టిలో ఆమె ఎన్నడూ అవమానం పొందలేదు.

ఇంకొక్క మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్నో ఏళ్లు మొర్రపెట్టినా బిడ్డ పుట్టని దంపతులు ఈ మందిరంలోనూ కూర్చుని ఉంటారు. ఎలీసబెతుకు ఇచ్చాడు కాబట్టి నీకూ తప్పకుండా ఇస్తాడు అని నేను వేదిక మీద నుంచి వాగ్దానం చేయను. లేఖనం ఆ వాగ్దానం చేయలేదు. ఆరో వచనం మాత్రం మీదే. బిడ్డ పుట్టక ముందు, పుడుతుందో లేదో తెలియక ముందు, దేవుడు వాళ్లను నీతిమంతులని పిలిచాడు.

యాజకులు ఇరవై నాలుగు తరగతులు. ఒక్కో తరగతికి ఏడాదిలో రెండు వారాలు దేవాలయ సేవ వచ్చేది. ధూపం వేసే పని చీట్లు వేసి అప్పగించేవారు. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెప్పేదాన్ని బట్టి, ఒకసారి ధూపం వేసినవాడు మళ్లీ ఆ చీటీలో పాల్గొనకూడదు. అంటే ఒక యాజకుడి జీవితంలో ఆ భాగ్యం ఒక్కసారే రావచ్చు, ఎందరికో అదీ రాకపోవచ్చు. జెకర్యాకు వృద్ధాప్యంలో వచ్చింది. పరిశుద్ధ స్థలంలో, తెరకు ఎదురుగా ఉన్న బంగారు ధూపవేదిక దగ్గర అతను ఒంటరిగా నిలబడ్డాడు. బయట ప్రజలందరూ ప్రార్థన చేస్తున్నారు. "నా ప్రార్థన ధూపమువలె" అని 141వ కీర్తనలో దావీదు అడిగింది సరిగ్గా ఇదే.

వేదికకు కుడివైపున గబ్రియేలు కనబడి "జెకర్యా భయపడకుము, నీ ప్రార్థన వినబడినది" అన్నాడు.

ఏ ప్రార్థన? పూర్వకాలపు వ్యాఖ్యాతలు ఇక్కడ చాలా ఆలోచించారు. ధూపం వేసేటప్పుడు యాజకుడు తన ఇంటి సంగతి అడగడానికి లోపలికి వెళ్లడు, ఇశ్రాయేలంతటి విమోచన కోసం వెళ్తాడు. కాబట్టి వినబడిన ప్రార్థన ప్రజల కోసం చేసినదే అన్నారు కొందరు. కాదు, బిడ్డ కోసం చేసినదే, ఎందుకంటే దూత వెంటనే కొడుకు మాట ఎత్తాడు అన్నారు ఇంకొందరు. నా మట్టుకు నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. జెకర్యా ఆ రోజు బిడ్డను అడగలేదు. అడుగుతున్నవాడైతే, "నేను ముసలివాడిని, నా భార్య కూడా ఏళ్లు గడిచినది, ఇది నాకెలా తెలుస్తుంది" అని అనడు. ఆ ప్రార్థన అతను ఎప్పుడో మానేశాడు. వయసులో ఉన్నప్పుడు, ఆ కొండ ఊళ్లో ఇరుగుపొరుగు పిల్లల కేకలు వింటూ చేసిన మొర అది. ఏళ్లు గడిచే కొద్దీ సన్నబడి ఆగిపోయింది. తాను చేసిన ప్రార్థన తనకే జ్ఞాపకం లేని రోజున, దేవుడు దాన్ని చేతిలో పట్టుకుని వచ్చాడు.

అయితే ఇచ్చేటప్పుడు ఆయన ఆ పాత మొరను విడిగా పెట్టి జవాబివ్వలేదు. బయట నిలబడిన ప్రజల ప్రార్థనతో కలిపేశాడు. పుట్టే బిడ్డ ఆ ఇద్దరి కన్నీటికి జవాబు, అదే బిడ్డ ఇశ్రాయేలు నిరీక్షణకు కూడా జవాబు. "నీకు సంతోషమును మహా ఆనందమును కలుగును" అన్న దూత, వెంటనే "అతడు పుట్టినందున అనేకులు సంతోషింతురు" అన్నాడు. మన ఇంటి కోసం మొదలైన ప్రార్థన దేవుని దగ్గరికి వెళ్లాక ఎవరెవరి కోసమో పెద్దదవుతుంది. ప్రవక్త పుట్టుకలో నేను చూసేది ముఖ్యంగా ఇదే.

సమూయేలు తల్లి హన్నా కథలోనూ ఇంతే. ఆమె ఒక బిడ్డను అడిగింది. పాలు విడిచాక ఆ బిడ్డను షిలోహుకు తీసుకువెళ్లి యాజకుడైన ఏలీ చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత పాడిన ప్రార్థన చూడండి, అందులో తన కొడుకు పేరు ఎక్కడా లేదు. బలాఢ్యుల విల్లు విరిగిపోవడం, ఆకలిగొన్నవారు తృప్తిపడటం, దరిద్రులను పెంటకుప్ప మీద నుంచి లేవనెత్తడం ఉన్నాయి. మరియ పాటలో మళ్లీ ఈ మాటలే వినిపిస్తాయి. మన కుటుంబాల్లో చాలామంది "బిడ్డ పుడితే సేవకు ప్రతిష్ఠిస్తాం ప్రభువా" అని మొక్కుకుంటారు. పుట్టాక ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తారు, ఫొటో తీయిస్తారు. ఇంటర్ అయ్యేసరికి ఆ మొక్కు ఎక్కడుందో! నేను ఎవరినీ నిందించడం లేదు. సేవ అంటే పాస్టరు కావడమే అని కూడా అనడం లేదు. ఏలీ చేతుల్లో బిడ్డను పెట్టి, ఒట్టి చేతులతో రామాకు నడిచి వెళ్లిన ఆ తల్లి దారి ఎంత పొడవై ఉంటుందో ఒకసారి తలచుకోమంటున్నాను.

జెకర్యా నమ్మలేకపోయాడు. నోరు మూతపడింది. దీన్ని మనం ఎప్పుడూ శిక్షగానే చెబుతాం, శిక్షే కూడా. కానీ ఆ మౌనం ఏం చేసిందో చూడండి. ధూపం వేశాక యాజకులు బయటికి వచ్చి, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని ఆశీర్వాదం పలకాలి: యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక. ప్రజలు దానికోసమే ఎదురుచూస్తున్నారు. జెకర్యా బయటికి వచ్చాడు, సైగలు చేశాడు, మాట రాలేదు. ఆ రోజు అతని నోట ఆశీర్వాదం రాలేదు. లూకా దీన్ని ఊరికే రాయలేదని నా నమ్మకం. ఎందుకంటే అదే సువార్త చివరి వచనాల్లో, బేతనియ దగ్గర, యేసు ప్రభువు చేతులెత్తి శిష్యులను ఆశీర్వదిస్తూ పరలోకానికి ఆరోహణమయ్యాడు. వాళ్లు తిరిగి ఆ దేవాలయానికే వెళ్లి దేవుణ్ణి స్తుతిస్తూ ఉన్నారు. మొదటి అధ్యాయంలో యాజకుని పెదవుల దగ్గర ఆగిన ఆశీర్వాదం ఇరవై నాలుగో అధ్యాయంలో ప్రభువు చేతుల మీదుగా వచ్చింది.

జెకర్యా మాట్లాడని ఆ నెలల్లో మాట్లాడినది ఇద్దరు ఆడవాళ్లు. శిక్షణ పొందిన యాజకుడు మౌనంగా కూర్చున్నాడు. ఎలీసబెతు పరిశుద్ధాత్మతో నిండుకుని "నా ప్రభువు తల్లి నాయొద్దకు వచ్చుట నాకేలాగు ప్రాప్తించెను" అంది. సువార్తలో ఏ మనిషీ అంతకుముందు యేసును ప్రభువు అనలేదు. నజరేతు నుంచి వచ్చిన పేదపిల్ల తన పాట పాడింది. గర్భంలో ఉన్న యోహాను గంతులు వేశాడు, అతని మొదటి ప్రవచనం అదే, మాటలు లేకుండా. మూడు నెలలు ఆ ఇంట్లో ఇద్దరు గర్భవతులు, ఒక మూగ ముసలాయన. సంఘంలో ఆడవాళ్లు నిలబడి ప్రార్థిస్తే ఇబ్బందిపడే పెద్దలు ఈ మూడు నెలల మీద ధ్యానం చేయాలని నా కోరిక.

ఎనిమిదో రోజు. బిడ్డకు సున్నతి, పేరు పెట్టడం. బంధువులు, పొరుగువాళ్లు చేరారు. తండ్రి పేరే పెడదాం, జెకర్యా అందాం అన్నారు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే, వంశం నిలవాలి కదా అని వాళ్ల ఆలోచన. ఎలీసబెతు అడ్డం పడింది. కాదు, యోహాను అనే పేరే పెట్టాలి అంది. మీ బంధువుల్లో ఆ పేరు ఎవరికీ లేదే అన్నారు. తండ్రిని సైగలతో అడిగారు. అతను పలక అడిగి తీసుకుని "వాని పేరు యోహాను" అని రాశాడు. పెడదాం అని రాయలేదు. ఆ పేరు దూత నోట ముందే వచ్చింది, తండ్రి దానికి లోబడ్డాడు. నా బిడ్డ నా పేరు మోయనక్కర్లేదు, నా వంశం చేయాల్సిన పనిని మోయనక్కర్లేదు అని ఆ పలక మీద ఒప్పుకున్నాడు. అప్పుడే నోరు తెరుచుకుంది. బిడ్డను వదులుకున్న చోట ప్రార్థన తిరిగి వచ్చింది.

ఈ సంగతిని సంఘం తన పాటల్లో కూడా దాచుకుంది. ఎనిమిదో శతాబ్దపు సన్యాసి పౌలు దియాకోను రాసినదని చెప్పే ఒక లతీను కీర్తన ఈ పండుగకే ఉంది. మా పెదవుల కళంకం కడుగు, కంఠం విప్పి నీ అద్భుతాలు పాడనివ్వు అని అందులో భక్తులు అడుగుతారు. జెకర్యా మూగతనం నుంచి వచ్చిన ప్రార్థన అది. పదకొండో శతాబ్దంలో గీదో అనే సంగీత గురువు ఆ కీర్తన పాదాల మొదటి అక్షరాలతోనే ఉత్, రె, మి, ఫ, సోల్, ల అని స్వరాలకు పేర్లు పెట్టాడు. ఆ ఉత్ తర్వాత దో అయింది; మన గాయక బృందంలో కీబోర్డు నేర్చుకునే పిల్లలు దో, రె, మి అంటున్నారంటే, ఆ వరుస వచ్చింది ఈ రోజు పాట నుంచే.

నోరు తెరుచుకున్న జెకర్యా ఏం పాడాడు? వృద్ధాప్యంలో కొడుకు పుట్టిన తండ్రి మొదట కొడుకు గురించే మాట్లాడతాడని అనుకుంటాం. అతను 68వ వచనంలో "ప్రభువైన ఇశ్రాయేలు దేవుడు స్తుతింపబడును గాక" అని మొదలుపెట్టి, విమోచన, దావీదు వంశం, అబ్రాహాముకు చేసిన ప్రమాణం, శత్రువుల నుంచి విడుదల అంటూ ఎనిమిది వచనాలు పాడాడు. 76వ వచనానికి గాని బిడ్డ వైపు తిరగలేదు. "ఓ శిశువా, నీవు సర్వోన్నతుని ప్రవక్తవనబడుదువు." ఆ శిశువు గురించి చెప్పింది కూడా రెండే వచనాలు: ప్రభువుకు దారి సిద్ధం చేస్తాడు, పాపక్షమాపణను ప్రజలకు తెలియజేస్తాడు. వెంటనే మళ్లీ దేవుని వాత్సల్యం వైపు, చీకట్లో కూర్చున్నవారి మీద ఉదయించే అరుణోదయం వైపు వెళ్లిపోయాడు. బిడ్డను ముద్దాడుతూనే బిడ్డను దాటి చూశాడు.

అందుకే పశ్చిమ సంఘం ఈ పాటను ఉదయ ప్రార్థనలో పెట్టింది. మఠాల్లో రోజూ తెల్లవారుజామున పాడతారు, 1549 నుంచి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోనూ ఉంది. యెరూషలేముకు పడమటి వైపున ఐన్ కరేం అనే ఊళ్లో యోహాను పుట్టాడని సంప్రదాయం. ఆ మందిరపు ఆవరణలో ఈ పాటను అనేక భాషల్లో పలకల మీద రాసి గోడకు అమర్చారు.

బిడ్డకు పేరు పెట్టిన సంగతి విని కొండ ఊళ్లలో వాళ్లంతా అడిగిన ప్రశ్న "ఈ బిడ్డ యేలాటివాడగునో" అని. జవాబు మనకు తెలుసు, అది తల్లిదండ్రులు కోరుకునే జవాబు కాదు. అరణ్యం, మిడతలు, అడవి తేనె. చివరికి ఆ హేరోదు కొడుకు అంతిప చెరసాల. అది మృతసముద్రానికి తూర్పున ఉన్న మకేరు కోటలో జరిగిందని చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. అక్కడి నుంచే "రాబోవువాడవు నీవేనా" అని యోహాను శిష్యులతో కబురు పంపాడు. ప్రవక్తకూ సందేహం వచ్చింది. యిర్మీయా కూడా అంతే కదా. గర్భంలో రూపించక ముందే నిన్ను ప్రతిష్ఠించాను అని దేవుడు చెప్పినవాడే, తాను పుట్టిన దినం శపింపబడును గాక అని ఏడ్చాడు. ప్రవక్త పుట్టుకను పండుగ చేసుకునే మనం ఆ ఏడుపును కూడా మన ప్రార్థనల్లోకి రానివ్వాలి. చక్కటి మాటలతో అల్లిన ప్రార్థన ఒక్కటే ప్రార్థన అనుకుంటే, యిర్మీయాకు మన మందిరంలో చోటు ఉండదు. యోహాను ప్రశ్నకు యేసు కోప్పడలేదు. ఆ కబురు తెచ్చినవాళ్లు వెళ్లిపోతుండగానే జనంతో, "స్త్రీలు కనినవారిలో బాప్తిస్మమిచ్చు యోహానుకంటె గొప్పవాడు పుట్టలేదు" అన్నాడు. చెరసాలలో సందేహంతో ఉన్నవాడి గురించి ప్రభువు అన్న మాట ఇది.

నేను ముగిస్తాను. ఇప్పుడు లూకా మొదటి అధ్యాయం తెరవండి. 68 నుంచి 79 దాకా కలిసి ప్రార్థిద్దాం. కుడివైపు కూర్చున్నవాళ్లు ఒక వచనం, ఎడమవైపు వాళ్లు ఒక వచనం. 75 అయ్యాక ఆగుదాం. అక్కడ ప్రతి ఒక్కరూ ఒక బిడ్డ పేరు దేవుని ముందు మనసులో చెప్పండి. మీ బిడ్డ కావచ్చు, పిల్లలు లేనివారు సండే స్కూలు బిడ్డ పేరో, మీ వీధిలో బడి మానేసిన పిల్లవాడి పేరో చెప్పండి. ఎప్పుడో అడిగి మానేసిన ప్రార్థన మీకేదైనా గుర్తుకొస్తే, దాన్ని కూడా ఆ పేరు పక్కన పెట్టండి. తర్వాత 76 అందరం కలిసి చదువుదాం. కుడివైపు వాళ్లు మొదలుపెట్టండి.